ఆఫ్రికాలో చదువు, ఇంటర్న్‌షిప్: విద్యార్థుల అనుభవాలు నేర్పే పాఠాలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకు ఇతర దేశాల విద్యార్థులు వెళ్ళడం ఎలా మొదలైందో వివరించగలుగుతారు.
• తరగతి గదిలోను, బయటి జీవితంలోను విద్యార్థికి ఎదురయ్యే ముఖ్యమైన మార్పులను పేర్కొనగలుగుతారు.
• ఇంటర్న్‌షిప్ వల్ల ఎవరికి మేలు జరుగుతోందో పరీక్షించే మూడు ప్రశ్నలను ఉదాహరణలకు అన్వయించగలుగుతారు.
• వెళ్ళే ముందు తీసుకోవలసిన అనుమతులను, ఆరోగ్య జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

విదేశీ విద్య అనగానే మన ఇళ్ళలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా పేర్లే వినిపిస్తాయి. చదువుకోవడానికి ఆఫ్రికా వెళ్ళేవారు కూడా ఉంటారా అని అడిగేవారు చాలామంది. ఉన్నారు. అమెరికా, ఐరోపా దేశాల విద్యార్థులు ఒక సెమిస్టరుకో, ఒక వేసవికో ఆఫ్రికా దేశాలకు వెళుతున్నారు. అమెరికా విద్యార్థులు ఆఫ్రికాలో ఎక్కువగా ఎంచుకునే దేశం దక్షిణాఫ్రికా. ఘనా, కెన్యా, టాంజానియా, సెనెగల్ వంటి దేశాలకు కూడా వెళుతుంటారు. వీరికంటే ముందు నుంచే ఆఫ్రికా ఖండంలోని ఒక దేశం విద్యార్థులు మరొక దేశానికి వెళ్ళి చదువుకుంటున్నారు.

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆఫ్రికా ఒక దేశం కాదు. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం ఉన్న 54 దేశాలు ఆ ఖండంలో ఉన్నాయి. అక్రాలో చదివిన విద్యార్థి అనుభవం అడిస్ అబాబాలో చదివిన విద్యార్థికి వర్తించకపోవచ్చు. అందువల్ల ఈ పాఠంలో ప్రతి ఉదాహరణకు దేశం, ఊరు పేర్కొన్నాం.

ఐరోపాకు వెళ్ళే విద్యార్థి తాను నేర్చుకోవడానికి వెళుతున్నానని అనుకుంటాడు. ఆఫ్రికాకు వెళ్ళే విద్యార్థి మాత్రం తరచుగా తాను సహాయం చేయడానికి వెళుతున్నానని అనుకుంటాడు. ఈ ఒక్క తేడా నుంచే అనేక చిక్కులు పుడతాయి. విద్యార్థి మంచి మనసుతో వెళ్ళినంత మాత్రాన మేలు జరగదు. అతడు చేరిన ఏర్పాటు ఎలాంటిది అన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఈ పాఠం సారమంతా ఇదే.

2. చారిత్రక నేపథ్యం

ఉగాండాలోని మకెరెరె విద్యాసంస్థ 1922లో ఒక సాంకేతిక పాఠశాలగా మొదలైంది. తరువాత అది తూర్పు ఆఫ్రికా అంతటికీ ఉన్నత విద్యా కేంద్రంగా ఎదిగింది. టాంగన్యీకా నుంచి వచ్చిన జూలియస్ న్యెరెరె 1943-45 మధ్య అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. తరువాతి కాలంలో ఆయన టాంజానియా తొలి అధ్యక్షుడయ్యారు. అనువాదాల ద్వారా తెలుగు పాఠకులకు కూడా పరిచయమైన కెన్యా రచయిత గూగీ వా థియాంగో సైతం మకెరెరె విద్యార్థే. 1962లో అక్కడ ఆఫ్రికన్ రచయితల సమావేశం జరిగినప్పుడు, విద్యార్థిగా ఉన్న గూగీ తన నవల రాతప్రతిని నైజీరియా రచయిత చినువా అచెబెకు చూపించారు. పొరుగు దేశంలో చదువుకోవడం ఒక యువకునికి ఎలాంటి పరిచయాలను ఇవ్వగలదో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

టాంజానియాలోని దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయం 1961లో కళాశాలగా ప్రారంభమైంది. 1960ల చివరలో వలస పాలన వ్యతిరేక చర్చలకు అది ప్రధాన వేదిక. కరీబియన్ ప్రాంతంలోని గయానాకు చెందిన చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ అక్కడ బోధించారు. ఉగాండా నుంచి వచ్చి 1967-70 మధ్య అక్కడ చదివిన యోవేరి ముసెవేని తరువాత తన దేశానికి అధ్యక్షుడయ్యారు. కాబట్టి ఆఫ్రికాలో విదేశీ విద్య పాశ్చాత్య విద్యార్థులతో మొదలైందనుకోవడం సరికాదు.

పాశ్చాత్య విద్యార్థుల రాక 1950ల చివర నుంచి పెరిగింది. అమెరికాలో పాస్టరుగా పనిచేసిన జేమ్స్ రాబిన్సన్ స్థాపించిన ‘ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా’ సంస్థ 1958 నుంచి విద్యార్థులను వేసవి పనులకు పంపింది. 1961లో అమెరికా ప్రభుత్వం ‘పీస్ కోర్’ను ఏర్పాటు చేసింది. ఆ ఏడాది ఆగస్టు 30న దాని తొలి బృందం ఘనా రాజధాని అక్రాలో దిగింది. విమానం దిగగానే ఆ యువతీయువకులు ట్వీ భాషలో పాట పాడి ఆతిథ్య దేశానికి నమస్కరించారు. వెళ్ళే ముందు భాష నేర్చుకోవడం ఆనాటి నుంచే ముఖ్యమైన అంశంగా ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

3. తరగతి గదిలో అనుభవం

ఘనాలోని లెగోన్‌లో ఉన్న ఘనా విశ్వవిద్యాలయం 1948లో స్థాపితమైంది. ఇక్కడికి వచ్చే అమెరికా విద్యార్థులకు మొదట ఇబ్బంది కలిగించేది బోధనా పద్ధతి. వారి దేశంలో వారం వారం చిన్న పరీక్షలు, వ్యాసాలు, చర్చలు ఉంటాయి. ఇక్కడ పెద్ద తరగతులు, ఉపన్యాసాలు, సెమిస్టరు చివరి పరీక్షకు ఎక్కువ మార్కులు. తరగతి ఏ గదిలో జరుగుతుందో, ఎప్పుడు మారిందో తోటి విద్యార్థులను అడిగి తెలుసుకోవాలి. మనకు ఇది కొత్త కాదు. మన విశ్వవిద్యాలయాలు, ఆ దేశాల విశ్వవిద్యాలయాలు రెండూ బ్రిటిష్ నమూనా నుంచే రావడం దీనికి కారణం. అందువల్ల ఒక అమెరికా విద్యార్థికి నెల పట్టే సర్దుబాటు మన విద్యార్థికి కొద్ది రోజుల్లోనే కావచ్చు.

తోటి విద్యార్థుల మీద ఆధారపడటం మొదట లోపంగా కనిపించినా, అదే విద్యార్థికి స్నేహితులను సంపాదించి పెడుతుంది. తమ దేశస్థులతోనే హాస్టలులో ఉండి, వారితోనే విహారాలకు వెళ్ళేవారు ఈ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

విశ్వవిద్యాలయం వెలుపలి సమాజం తరగతి గదిలోకి కూడా వస్తుంది. 2015 మార్చిలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో వలసవాది సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తొలగించాలని విద్యార్థులు ఉద్యమించారు. ఏప్రిల్ 9న విగ్రహాన్ని తొలగించారు. అదే ఏడాది అక్టోబరులో ఫీజుల పెంపుకు వ్యతిరేకంగా దక్షిణాఫ్రికా అంతటా ఉద్యమం సాగి, 2016 సంవత్సరానికి పెంపు ఆగిపోయింది. నైజీరియాలో 2022లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల సమ్మె దాదాపు ఎనిమిది నెలలు సాగింది. ఇలాంటి సమయంలో అక్కడ ఉన్న విదేశీ విద్యార్థి ‘నా తరగతులు పోయాయి’ అని మాత్రమే అనుకోవచ్చు. లేదా ఫీజు కట్టలేని విద్యార్థి పక్కనే కూర్చుని ఉన్నత విద్య ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నను దగ్గరగా చూడవచ్చు. రెండవది ఏ పాఠ్యప్రణాళికలోనూ దొరకని చదువు.

ఆఫ్రికా విద్యార్థులే కలిసి చదివే సంస్థలకు ఉదాహరణగా ఆఫ్రికన్ గణిత విజ్ఞాన సంస్థను చెప్పవచ్చు. భౌతిక శాస్త్రవేత్త నీల్ టురోక్ చొరవతో ఇది 2003లో కేప్‌టౌన్ సమీపంలోని ముయిజెన్‌బర్గ్‌లో మొదలైంది. తరువాత సెనెగల్, ఘనా, కామెరూన్, రువాండా దేశాలలో కూడా కేంద్రాలు ఏర్పడ్డాయి. వేర్వేరు దేశాల విద్యార్థులు, బయటి నుంచి వచ్చే అధ్యాపకులు ఒకే ప్రాంగణంలో ఉంటారు. భోజనశాలలో కూడా లెక్కల చర్చ సాగుతుంది. ఫ్రెంచిలో చదివి వచ్చిన విద్యార్థి, ఇంగ్లీషులో చదివి వచ్చిన విద్యార్థి ఒకరికొకరు నేర్పుకుంటారు.

4. భాష, కాలం, మర్యాద

కెన్యా, టాంజానియాలలో ఇంగ్లీషుతో కొంతవరకు పని జరుగుతుంది. అయితే ఆసుపత్రి వరండాలో, సంతలో, గ్రామసభలో వినిపించేది స్వాహిలి. ఆ భాషలో కాలాన్ని లెక్కించే పద్ధతి వేరు. భూమధ్యరేఖ దగ్గర సూర్యోదయం ఏడాది పొడవునా ఉదయం ఆరు గంటల ప్రాంతంలోనే ఉంటుంది. అందువల్ల గంటలను అక్కడి నుంచి లెక్కపెడతారు. మన గడియారంలో ఉదయం ఏడు గంటలంటే వారికి ఒంటిగంట. ఎనిమిది గంటలంటే రెండు. పర్యవేక్షకుడు స్వాహిలిలో ‘రేపు రెండు గంటలకు రండి’ అంటే ఉదయం ఎనిమిదికి రావాలని అర్థం. ఇది తెలియని ఇంటర్న్ మధ్యాహ్నం రెండు గంటలకు వెళితే ఆరు గంటలు ఆలస్యమైనట్లే. ఇథియోపియాలో కూడా ఇలాంటి లెక్కే ఉంది. పైగా అక్కడి సంవత్సరానికి 13 నెలలు. మన పంచాంగంలో కూడా ఘడియలను సూర్యోదయం నుంచే లెక్కిస్తారని గుర్తు చేసుకుంటే ఈ పద్ధతి వింతగా తోచదు.

స్వాహిలి మాట్లాడే ప్రాంతాలలో పెద్దలు కనిపించినప్పుడు చిన్నవారు ‘షికమో’ అంటారు. పెద్దలు ‘మరహబా’ అని బదులిస్తారు. పాదాలు పట్టుకుంటున్నాను అనే అర్థం నుంచి ఆ మాట వచ్చిందని చెబుతారు. ఘనాలో ఎడమ చేత్తో వస్తువు ఇవ్వడం, ఎడమ చేత్తో సైగ చేయడం అమర్యాద. ఈ రెండు విషయాల్లోనూ తెలుగు విద్యార్థికి ఇంటి దగ్గర నేర్చిన నడవడికే పనికివస్తుంది. ఘనాలో అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారం పుట్టినవాడు క్వామే. విదేశీ విద్యార్థికి కూడా ఇంటివారు ఇలాంటి పేరు పెట్టి పిలుస్తుంటారు.

ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ పలకరింపు లేకుండా నేరుగా పనిలోకి దిగే విద్యార్థికి చాలాచోట్ల సమాధానం దొరకదు. అతడు దానిని ‘వీరికి పని మీద శ్రద్ధ లేదు’ అని అర్థం చేసుకుంటాడు. నిజానికి శ్రద్ధ లోపించింది అతని పలకరింపులోనే.

5. ఇంటర్న్‌షిప్: మూడు ప్రశ్నలు

ఇంటర్న్‌షిప్ అంటే ఒక సంస్థలో పర్యవేక్షణ కింద పనిచేస్తూ నేర్చుకోవడం. దాని మంచిచెడులను నిర్ణయించడానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

(అ) ఈ పనిని ఎవరు నిర్ణయించారు?
(ఆ) విద్యార్థిని ఎవరు పర్యవేక్షిస్తారు, ఆ సమయానికి ఖర్చు ఎవరు భరిస్తారు?
(ఇ) విద్యార్థి వెళ్ళిపోయాక అక్కడ ఏమి మిగులుతుంది?

మొదటి ఉదాహరణ అనాథాశ్రమాలు. పిల్లలకు ప్రేమ పంచాలని కొద్ది వారాల కోసం యువకులు వస్తారు. పిల్లలు దగ్గరవుతారు. అంతలోనే వారు వెళ్ళిపోతారు, కొత్తవారు వస్తారు. ఇలా పదేపదే విడిపోవడం పిల్లల మనసుకు హాని చేస్తుంది. పైగా ఆశ్రమాలలో ఉన్న పిల్లలలో చాలామందికి తల్లిదండ్రులలో ఒకరైనా బతికే ఉంటారు. పేదరికం వారిని అక్కడికి చేరుస్తుంది. సందర్శకులు డబ్బు చెల్లించేచోట పిల్లలను ఇంటికి పంపడం కంటే ఆశ్రమంలో ఉంచడమే లాభసాటి అవుతుంది. ఇక్కడ పనిని నిర్ణయించింది వచ్చేవారి కోరిక. మిగిలేది పిల్లల ఒంటరితనం. వచ్చినవారు చెడ్డవారు కారు, ఏర్పాటే చెడ్డది.

రెండవ ఉదాహరణ ఆసుపత్రులు. తన దేశంలో కుట్లు వేయడానికి, ప్రసవం చేయడానికి అనుమతి లేని విద్యార్థి, సిబ్బంది తక్కువగా ఉన్న ఆసుపత్రిలో ఆ పనులు చేయడానికి సాహసించవచ్చు. ‘నేను లేకపోతే రోగికి ఎవరూ లేరు కదా’ అని సమర్థించుకుంటాడు. కానీ పేద రోగికి కూడా అర్హత గల వైద్యం పొందే హక్కు ఉంది. పొరపాటు జరిగితే భరించేది ఆ రోగి. విమానం ఎక్కి వెళ్ళిపోయే విద్యార్థి కాదు. ఈ సమస్యను గుర్తించి 2010లో ప్రపంచ ఆరోగ్య శిక్షణకు నైతిక మార్గదర్శకాలను ఒక నిపుణుల బృందం ప్రచురించింది. 2011లో అమెరికా వైద్య కళాశాలల సంఘం, వైద్య విద్యలో ఇంకా చేరని విద్యార్థులు విదేశాలలో రోగులకు చికిత్స చేసే విషయంలో హద్దులు సూచించింది. వీటి సారాంశం ఒకటే: సొంత దేశంలో చేయకూడని పని పరాయి దేశంలో కూడా చేయకూడదు.

మూడవ ఉదాహరణ ఏర్పాటు బాగుంటే ఏమి జరుగుతుందో చూపుతుంది. పశ్చిమ కెన్యాలోని ఎల్డొరెట్‌లో ఉన్న మోయ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం 1989లో భాగస్వామ్యం మొదలుపెట్టాయి. ఇండియానా అధ్యాపకులు ఎల్డొరెట్‌లో నివాసం ఉండి పనిచేశారు. అమెరికా విద్యార్థులు కెన్యా విద్యార్థులతో కలిసి ఒకే వార్డులో తిరుగుతారు. కెన్యా వైద్య విద్యార్థులు కూడా శిక్షణ కోసం ఇండియానాకు వెళతారు. రాకపోకలు రెండు వైపులా ఉండటం ఇందులో ముఖ్యమైన విషయం. ఎయిడ్స్ విజృంభించినప్పుడు ఈ భాగస్వామ్యమే 2001లో ఆంపాథ్ పేరుతో పెద్ద చికిత్సా కార్యక్రమాన్ని చేపట్టగలిగింది. అంతవరకు ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన నమ్మకం అందుకు పునాది.

అలాంటి వార్డులో విదేశీ విద్యార్థి నేర్చుకునేది ఏమిటి? స్కానింగ్, రక్తపరీక్షలు వెంటనే అందుబాటులో లేనిచోట రోగి చెప్పేది వినడం, నాడి చూడటం, పొట్ట నొక్కి పరీక్షించడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఈ విద్యలో అక్కడి విద్యార్థులు అతనికంటే ముందుంటారు. తనకంటే తక్కువ వసతులలో చదివినవారి దగ్గర తాను శిష్యుడినని ఒప్పుకోవడమే అతను పొందే అసలైన శిక్షణ.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఒక సంస్థ ‘రెండు వారాలలో గ్రామ పాఠశాలకు గోడ కట్టండి’ అని విద్యార్థులను ఆహ్వానించింది. ఆ ఊరిలో పనిలేని తాపీ మేస్త్రులు ఉన్నారు. పై మూడు ప్రశ్నలను ఈ సందర్భానికి అన్వయించి పది పంక్తులలో రాయండి.

6. ఎవరి నుంచి నేర్చుకోవాలి?

ఆఫ్రికాలో అంతా కొరతే అనుకుని వెళ్ళినవారికి నైరోబీ వీధిలోనే మొదటి పాఠం దొరుకుతుంది. కెన్యాలో మొబైల్ ఫోను ద్వారా డబ్బు పంపే ఎం-పెసా 2007లోనే మొదలైంది. సాధారణ ఫోనులో సందేశం ద్వారా, వీధి చివర దుకాణంలోని ఏజెంటు ద్వారా అది పనిచేసింది. మన దేశంలో యూపీఐ వచ్చింది 2016లో. బ్యాంకు ఖాతా లేని కూరగాయల అమ్మకందారు డబ్బును ఎలా నిర్వహిస్తుందో చూడటానికి వాణిజ్యశాస్త్ర విద్యార్థికి అంతకంటే మంచి ప్రయోగశాల ఉండదు.

వ్యవసాయ విద్యార్థికి సంబంధం మరింత దగ్గరిది. మనం తినే జొన్న, సజ్జ, రాగి పంటల పుట్టిల్లు ఆఫ్రికా. మన కంది ఇప్పుడు టాంజానియా, మలావీ, మొజాంబిక్‌లలో పండి మన దేశానికి దిగుమతి అవుతోంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ ఈ మెట్ట పంటల మీదే పరిశోధిస్తోంది. కెన్యా, మాలి, నైజర్ తదితర దేశాలలో కూడా దానికి కేంద్రాలున్నాయి. మెట్ట రైతు సమస్య అనంతపురంలోను, నైజర్‌లోను చాలావరకు ఒకటే: వాన ఎప్పుడు వస్తుందో తెలియదు, నేల బలం తక్కువ.

2023లో మద్రాసు ఐఐటీ టాంజానియాలోని జాంజిబార్‌లో క్యాంపస్ ప్రారంభించింది. విదేశంలో ఐఐటీ క్యాంపస్ ఇదే మొదటిది. ఇప్పటివరకు ఆఫ్రికా విద్యార్థులు మన హైదరాబాదుకు వచ్చి చదవడమే మనం ఎక్కువగా చూశాం. ఇకపై ప్రయాణం రెండు వైపులా సాగే అవకాశం ఉంది.

7. వెళ్ళే ముందు ఏర్పాట్లు

అనుమతులు: పర్యాటక వీసాతో వెళ్ళి పనిచేయడం చట్టవిరుద్ధం కావచ్చు. విద్యార్థి లేదా ఇంటర్న్ అనుమతి విడిగా తీసుకోవాలి. ప్రజలను ప్రశ్నించి సమాచారం సేకరించాలంటే పరిశోధన అనుమతి కూడా కావాలి. టాంజానియాలో కోస్టెక్, కెన్యాలో నకోస్టి అనే ప్రభుత్వ సంస్థలు దీనిని చూస్తాయి. ఇందుకు సమయం పడుతుంది కాబట్టి ముందుగానే దరఖాస్తు చేయాలి.

ఆరోగ్యం: ఘనా వంటి దేశాలలో ప్రవేశించడానికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే టీకా వేయించుకోవాలి. ఆ వ్యాధి ఉన్న దేశాల నుంచి ధ్రువపత్రం లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. మలేరియా నివారణ మాత్రలను ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగి వచ్చాక కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులు వాడాలి. ఆరోగ్య బీమా తీసుకోవాలి.

విద్యుత్తు, కాలం: దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగ్, ఘనాలో ‘దుమ్‌సోర్’ అని పిలిచే కరెంటు కోతలు విద్యార్థులకు బాగా తెలిసినవే. సమ్మె వల్ల సెమిస్టరు జరిగిపోయే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తిరిగి ఇవ్వవలసినది: సేకరించిన సమాచారం, రాసిన నివేదిక ఆతిథ్య సంస్థకు ఒక ప్రతి ఇవ్వాలి. రోగుల, పిల్లల ఫోటోలు అనుమతి లేకుండా తీయకూడదు. మన ఊరి ఆసుపత్రిలో మన తల్లి మంచం పక్కన ఒక విదేశీయుడు ఫోటో తీస్తే మనం ఎలా భావిస్తామో ఆలోచిస్తే ఈ నియమం ఎందుకో తెలుస్తుంది.

8. సారాంశం

ఆఫ్రికాలో విదేశీ విద్యకు మకెరెరె, దార్ ఎస్ సలాం కాలం నుంచి చరిత్ర ఉంది. తరగతి గది పద్ధతి, భాష, కాలపు లెక్క, మర్యాద అన్నీ విద్యార్థిని కొత్తగా నేర్చుకొమ్మంటాయి. ఇంటర్న్‌షిప్‌లో విద్యార్థి ఉద్దేశం కంటే ఏర్పాటు ముఖ్యం. పనిని ఆతిథ్య సంస్థ నిర్ణయించి, అర్హులు పర్యవేక్షించి, రాకపోకలు రెండు వైపులా ఉండి, వెళ్ళాక కూడా ఏదో ఒకటి మిగిలితే అది మంచి ఏర్పాటు. అలా లేనిచోట దరఖాస్తు చేయకపోవడం కూడా బాధ్యత గల నిర్ణయమే.

9. ముఖ్య పదాలు

ఆతిథ్య సంస్థ: విద్యార్థిని చేర్చుకుని పని లేదా చదువు చూపే సంస్థ.
పర్యవేక్షణ: అర్హత గలవారు విద్యార్థి పనిని దగ్గర ఉండి చూసి సరిదిద్దడం.
పరస్పరత: రెండు పక్షాల విద్యార్థులకు, సంస్థలకు సమానంగా అవకాశం, మేలు కలగడం.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆఫ్రికాలో ఇంటర్న్‌షిప్‌లను అంచనా వేయడానికి ఉపయోగపడే మూడు ప్రశ్నలను ఉదాహరణలతో వివరించండి.
2. ఎల్డొరెట్ భాగస్వామ్యంలోని ప్రత్యేకతలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్వాహిలి కాలగణన పద్ధతిని తెలిపి, దాని వల్ల విద్యార్థికి కలిగే ఇబ్బందిని వివరించండి.
2. తెలుగు ప్రాంతాల వ్యవసాయానికి, ఆఫ్రికా వ్యవసాయానికి ఉన్న సంబంధాన్ని తెలపండి.
3. మీ ఊరి ఆసుపత్రికో, పాఠశాలకో విదేశీ విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వస్తే మీరు వారికి ఏ నియమాలు పెడతారు? కారణాలతో రాయండి.